అమ్మానాన్నలతో మొదటి విదేశీ ప్రయాణం: దెబ్బ తగిలేది ఎక్కడంటే

విజయవాడ నుంచి అమ్మానాన్నలను వెంటబెట్టుకుని ఫిబ్రవరిలో పన్నెండు రోజులు థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం తిరిగి రావాలనుకుంటున్నారు. ముగ్గురికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు. ఏం చూడాలో జాబితా రాసుకున్నారు. "అసలు ఎక్కడ దెబ్బతింటామో చెప్పండి, ప్యాకేజీలో పోవాలా, సొంతంగానా" అన్నది మీ ప్రశ్న.

నాది గుంటూరు. మిర్చి ఎగుమతి పని. తొడిమ తీసిన తేజ కాయ ఎక్కువగా పోయేది తూర్పు దేశాలకే కాబట్టి 2007 నుంచి బ్యాంకాక్, సైగాన్ (వియత్నాంలోని హో చి మిన్ సిటీ పాత పేరు), కొలంబో, జకార్తా తిరుగుతూనే ఉన్నాను. రెండుసార్లు ఇంట్లోవాళ్ళను కూడా తీసుకెళ్ళాను. ఒకసారి మా అమ్మను, ఇంకోసారి మా ఆవిడనూ, హెడ్మాస్టరుగా రిటైరైన మా మావగారినీ. ఇన్నేళ్ళలో పోగొట్టుకున్న డబ్బూ, చెడగొట్టుకున్న పూటలూ లెక్కేస్తే దొంగల ఖాతాలో పడేది కొంచెమే. మిగతాదంతా మొహమాటం ఖాతా. మళ్ళీ అడిగితే ఏమనుకుంటారో, అందరి ముందూ చిల్లర లెక్కపెడితే ఏం బాగుంటుంది, కూల్‌డ్రింక్ ఇచ్చాడు కదా ఏదో ఒకటి కొనకపోతే ఎలా... ఇలాంటివి.

మా మొదటి కుటుంబ ప్రయాణంలో తొలి దెబ్బ బ్యాంకాక్‌లో కాదు, చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటులో తగిలింది. సంక్రాంతికి ఊళ్ళకొచ్చిన జనమంతా హైదరాబాద్ తిరిగెళ్తున్న ఆదివారం అది. రాత్రి విమానానికి మధ్యాహ్నం బయల్దేరితే బోలెడు టైమనుకున్నాం. కార్లు బియ్యపు బస్తాల్లా పేర్చినట్టు నిలబడిపోయాయి. శంషాబాద్ చేరేసరికి కౌంటర్ మూయడానికి పది నిమిషాలుంది. అంతర్జాతీయ విమానాలకు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. హైదరాబాద్ నుంచి టికెట్ తీసుకుంటే ముందు రోజే వెళ్ళి బంధువుల ఇంట్లో పడుకోండి. గన్నవరంలో ఎక్కి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో మారేటట్టయితే రెండూ ఒకే టికెట్ మీద ఉండేలా చూసుకోండి. విడివిడిగా కొంటే మొదటి విమానం ఆలస్యమైనా రెండోదాన్ని పోగొట్టుకున్న బాధ్యత మీదే.

ఇంకోటి, ఇది మనవాళ్ళకు మరీ ఎక్కువగా జరుగుతుంది. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ వైపు విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. టికెట్ మీద 14వ తేదీ, 00:30 అని ఉంటుంది. మన లెక్కలో తెల్లవారితేనే తేదీ మారుతుంది కాబట్టి "పద్నాలుగు రాత్రి" అనుకుంటాం. వెళ్ళాల్సింది 13 రాత్రి. మా బావమరిది పద్నాలుగు రాత్రి భోంచేసి, నుదుట బొట్టు పెట్టించుకుని, ఎదురు రప్పించుకుని మరీ బయల్దేరాడు. విమానం అప్పటికి ఇరవై గంటల క్రితమే వెళ్ళిపోయింది.

ఇప్పుడు పేర్ల సంగతి. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఒకటి, గివెన్ నేమ్ గడిలో ఒకటి ఉంటాయి. పెద్దవాళ్ళ పాస్‌పోర్టుల్లో కొన్నిసార్లు మొత్తం పేరు ఒకే గడిలో ఉండి రెండోది ఖాళీగా ఉంటుంది. మీ నాన్నగారిది ఇవాళే తీసి చూడండి. ఫొటో పేజీ అడుగున రెండు వరసల్లో బాణం గుర్తులతో కలిపి కొట్టిన అక్షరాలుంటాయి చూడండి, టికెట్టూ వీసా దరఖాస్తూ వాటిని చూసుకుంటూ నింపాలి. వియత్నాం ఈ-వీసా ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే తీసుకోవచ్చు. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ వీసా చెల్లదు, డబ్బు వెనక్కి రాదు.

మా అమ్మ విషయంలో అదే జరిగింది. ఆమె పేరులో లక్ష్మి ఉంది. దరఖాస్తు నింపిన ఏజెంటు అందులో 'హెచ్' మింగేశాడు. వీసా కాగితం ఫోన్‌కు వచ్చినప్పుడే నాకు కనపడింది. అడిగితే "ఏం కాదు సార్, అంత చూడరు" అన్నాడు. తెలిసినవాడు, పైగా మన పేటవాడు, మళ్ళీ డబ్బు కట్టి చేయించమనడానికి నోరు రాలేదు. బ్యాంకాక్‌లో సైగాన్ విమానం కౌంటర్ దగ్గర అమ్మాయి పాస్‌పోర్టు మీద వేలు పెట్టి, వీసా మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం చదువుకుంటూ వచ్చి 'ఎస్' తర్వాత ఆగిపోయింది. వాళ్ళను అనడానికి లేదు. తప్పు వీసాతో మనిషిని ఎక్కిస్తే వెనక్కి తీసుకురావాల్సింది విమాన సంస్థే. కొత్త వీసా వచ్చేదాకా బ్యాంకాక్‌లో మూడు రోజులు అదనంగా ఉన్నాం. 25 డాలర్ల మొహమాటానికి మూడు రాత్రుల హోటలూ, కొత్త టికెట్లూ అయ్యాయి.

అదే వీసా మీద ఏ సరిహద్దు దగ్గర లోపలికి వస్తారో కూడా రాసి ఉంటుంది. విమానంలో దిగుతామని రాసి బస్సులో పోతే ఒప్పుకోరు. థాయ్‌లాండ్‌కు 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి, చేరడానికి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం. వెతికితే మొదట కనపడే కొన్ని సైట్లు దానికి కూడా డబ్బు లాగుతాయి. ఈ దేశాల వీసా నిబంధనలు ఈమధ్య తరచూ మారుతున్నాయి కాబట్టి టికెట్లు కొనే ముందొకసారి, బయల్దేరే వారం ముందొకసారి ఆయా ప్రభుత్వాల సైట్లలోనే చూసుకోండి. బంధువుల వాట్సాప్ సలహా మీద ఆధారపడొద్దు. నా సలహా మీద కూడా.

సామాను గురించి అట్టే చెప్పను. పచ్చళ్ళు, కారప్పొడి చేతిసంచిలో పెట్టొద్దు. సెక్యూరిటీ వాళ్ళు తీసి పక్కన పెడితే అమ్మగారికి ప్రయాణమంతా అదే దిగులు. చెక్-ఇన్ పెట్టెలో, మూతకు ప్లాస్టిక్ కవరు బిగించి, ఒక పాత తువ్వాలు చుట్టి వేయండి. ఎండుకొబ్బరి మాత్రం పెట్టెలోనూ వద్దు. నూనె ఎక్కువ కాబట్టి దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల కింద లెక్కేస్తారు. పవర్‌బ్యాంకు లెక్క వేరు, అది చేతిసంచిలోనే ఉండాలి. నాన్నగారి బీపీ, షుగరు మాత్రలు కూడా చేతిసంచిలోనే, డాక్టరు చీటీతో సహా. దారిలో సింగపూర్‌లో దిగే పనుంటే మసాలా దినుసుల్లో గసగసాలు లేకుండా చూసుకోండి, అక్కడ అవి నిషేధం.

బ్యాంకాక్‌కు రెండు విమానాశ్రయాలున్నాయి. పెద్దది సువర్ణభూమి. పేరు మనదే, లోపల క్షీరసాగర మథనం బొమ్మ చూసి మా అమ్మ చేతులు జోడించింది. రెండోది డాన్ మువాంగ్, ఊరికి ఆ చివర. చవక టికెట్లు తరచు అక్కడి నుంచే. టాక్సీ అతనికి "ఎయిర్‌పోర్ట్" అని మాత్రం చెబితే సువర్ణభూమికే తీసుకుపోతాడు. ఒకదాని నుంచి ఇంకోదానికి గంటకు తక్కువ పట్టదు, ట్రాఫిక్ ఉంటే చెప్పలేం. టికెట్ మీద బీకేకే అంటే సువర్ణభూమి, డీఎంకే అంటే డాన్ మువాంగ్. పక్క రాష్ట్రం పార్టీ పేరు గుర్తుపెట్టుకుంటే చాలు.

బ్యాంకాక్ రాజప్రాసాదం (గ్రాండ్ ప్యాలెస్) దగ్గర మీకు ఒక పెద్దమనిషి ఎదురవుతాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఏదో కార్డు, చక్కటి ఇంగ్లీషు. "ఇవాళ పూజ ఉంది, ఒంటిగంట దాకా మూసేశారు. ఈలోగా ఈ టుక్‌టుక్‌లో ఇరవై బాట్లకే నాలుగు గుళ్ళు చూసి రండి" అంటాడు. 2007లో నాకు ఎదురయ్యాడు, మొన్నటిదాకా అక్కడే ఎవరో ఒకరు ఉన్నారు. నాకు ఒక చిన్న గుడి చూపించి, సూట్లు కుట్టే కొట్టుకు, అక్కణ్ణుంచి రత్నాల కొట్టుకు తీసుకెళ్ళారు. ఏసీ గది, సోఫా, చల్లటి డ్రింకు. ముప్పావుగంట ఓపిగ్గా చూపించారు. వాళ్ళంతసేపు కష్టపడ్డాక ఉత్తచేతులతో లేవడానికి నాకు మనసొప్పలేదు. మూడు వేల బాట్లు పెట్టి ఒక నీలం కొన్నాను. వన్‌టౌన్‌లో తెలిసిన కంసాలికి చూపిస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి, "బాగా కోశారండీ" అని తిరిగిచ్చేశాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. రాజప్రాసాదం మామూలుగా రోజూ ఉదయం ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా తెరిచే ఉంటుంది. గేటు దాకా నడిచి వెళ్ళి మీ కళ్ళతో చూసుకోండి. మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలుండాలి. అమ్మగారి చీరకు ఇబ్బంది లేదు, పొట్టి నిక్కరుతో పోతే ఆగిపోయేది మీరే.

గుంటూరు వాడినన్న పొగరు కూడా అక్కడే దిగింది. మా సరుకు కొనే ఆయన భోజనానికి తీసుకెళ్ళి పచ్చి బొప్పాయి దంచి చేసే సోమ్ తమ్ చెప్పాడు. ఎన్ని మిరపకాయలు వేయాలని అడిగారు. అక్కడ లెక్కపెట్టి చెప్పడం మామూలే. ఆయన రెండన్నాడు. నేను పది అన్నాను. మన ఘాటు నూనెలో వేగి, పప్పులోనో పులుసులోనో కలిసి, అన్నంలో సర్దుకుని వస్తుంది. ఆ బుల్లి కాయలు పచ్చివి, నిమ్మరసంతో కలిసి సూటిగా నాలుక మీద పడతాయి. మూడో ముద్దకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. మంచినీళ్ళు తాగితే ఇంకా పాకింది, మిరపలో కారం నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పెరుగు కావాలి. అక్కడ పెరుగేది? ఆ ఏడాది ఆయన బేరంలో నేను పెద్దగా బిగుసుకోలేదు.

పెరుగు మాటొచ్చింది కాబట్టి, మీ అమ్మగారి అసలు సమస్య కూర కాదు, పెరుగన్నం అని ముందే గుర్తించండి. వీసా కోసం బ్యాంకాక్‌లో చిక్కుకున్న మూడు రోజుల్లో మొదటి రాత్రి అమ్మ చిన్న కుక్కర్‌లో అన్నం పెట్టింది. గదిలో పెట్టుకోవచ్చా అని హోటల్ వాళ్ళను అడిగి పెట్టాం, పొగ గంటలు మోగే హోటళ్ళున్నాయి. నేను వీధి చివరి సెవెన్ ఇలెవెన్‌కు వెళ్ళి ఆవు బొమ్మ ఉన్న డబ్బాలు రెండు తెచ్చాను. అమ్మ ఉప్పు వేసి, చేత్తో బాగా పిసికి కలిపి, మాగాయ ముక్క పక్కన పెట్టుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఒక్క క్షణం నమలడం ఆపేసి, "పాయసంలో ఉప్పేసినట్టుందిరా" అంది. ఆ దేశాల్లో కొట్లో దొరికే పెరుగు చాలావరకు తీపి. మర్నాడు పహురాత్ వెళ్ళాను. బ్యాంకాక్‌లో మన దేశం వాళ్ళ కొట్లు, గురుద్వారా ఉన్న పేట అది. అక్కడ తియ్యగా లేని పెరుగు దొరికింది. అమ్మ అందులోంచి రెండు చెంచాలు తీసి దాచింది. పాలు కుక్కర్‌లో కాచి, గోరువెచ్చగా అయ్యాక హోటల్ టీ కప్పుల్లో తోడు పెట్టి, పైన సాసర్లు మూతేసి, ఏసీ గాలి తగలకుండా అలమారలో నా చొక్కాల వెనక పెట్టింది. తెల్లారేసరికి గడ్డగా తోడుకుంది. మళ్ళీ వీసా వచ్చేదాకా ఆమెకు బ్యాంకాక్ మీద ఒక్క ఫిర్యాదు లేదు.

శాకాహారానికి థాయ్ భాషలో మాట "మాంగ్‌సవిరత్". జాగ్రత్తగా వింటే మాంస విరతి, మన సంస్కృతమే. కానీ ఆ మాటకు మురిసిపోకండి, అందులో గుడ్డు ఉండొచ్చు, చేపల నుంచి తీసే నామ్ ప్లా అనే పులుసు పడే ఉండొచ్చు. అమ్మగారికి కావలసిన మాట "జే". పసుపు జెండా మీద ఎర్ర అక్షరంతో కనపడుతుంది. అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. వియత్నాంలో శాకాహారాన్ని "చాయ్" అంటారు. మీ నాన్నగారు టీ కోసం చాయ్ చాయ్ అని తిరిగితే ఎవరో ఒకరు ఆయన్ను టోఫూ ముందు కూర్చోబెడతారు. వాళ్ళ పంచాంగంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో చాలామంది మాంసం మానేస్తారు, ఆ రోజుల్లో చాయ్ కొట్లు కళకళ్ళాడతాయి. చక్కెర వద్దనడానికి "ఖోమ్ దువాంగ్" అనాలి. నాన్నగారికి షుగరుంటే ఇది కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టండి, అక్కడి కాఫీలో గ్లాసు అడుగున వేలెడు మందాన తీపి పాలు పోస్తారు. ఆ కాఫీ కూడా మన ఫిల్టర్ కాఫీ అనుకుని సాయంత్రం తాగొద్దు. రాత్రంతా సీలింగు చూస్తారు.

కంబోడియాలో మొదటి చిక్కు పాత సమాచారం. అంగ్‌కోర్ గుళ్ళకు దగ్గరి ఊరు సియెమ్ రీప్. దాని విమానాశ్రయం ఊళ్ళోంచి పది నిమిషాలని పాత వ్యాసాల్లో ఉంటుంది. 2023 అక్టోబరులో కొత్తది తెరిచారు, అది ఊరికి సుమారు 45 కిలోమీటర్లు. గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళి ఇంకాస్త ముందుకు పోయినంత. హోటల్ వాళ్ళనే బండి పంపమని ముందే చెప్పండి.

అంగ్‌కోర్ టికెట్ ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62. టికెట్ మీద మన ఫొటో ఉంటుంది, ఒకరిది ఇంకొకరు వాడలేరు. పెద్దవాళ్ళతో వెళ్తున్నారు కాబట్టి మూడు రోజులదే తీసుకోండి. పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. ఒక్కరోజులో అన్నీ చూపించాలనుకుంటే మధ్యాహ్నానికి ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. పొద్దున్నే ఐదింటికి అంగ్‌కోర్ వాట్ గుడి దగ్గర సూర్యోదయం కోసం పోయే జనాన్ని పోనివ్వండి. వాళ్ళు టిఫిన్లకు వెళ్ళే ఏడున్నర, ఎనిమిది మధ్య లోపలికి పోతే గోడల మీద పాలసముద్రం చిలికే శిల్పం దగ్గర మీరే ఉంటారు. సూర్యవర్మ 12వ శతాబ్దంలో విష్ణువుకు కట్టించిన గుడి అది, ముఖం పడమటికి. పైఅంతస్తుకు మెట్లు నిటారుగా ఉంటాయి. మా ఆవిడ దిగేటప్పుడు కాలు మడతపడి రెండు రోజులు హోటల్లోనే ఉండిపోయింది. బీమా లేకుండా ఎక్కించొద్దు, విమానమైనా, ఆ మెట్లైనా. బీమా తీసుకునేటప్పుడు నాన్నగారికి ఉన్న జబ్బులన్నీ దాచకుండా రాయండి.

ఖ్మేర్ అక్షరాల మీద మన తలకట్టు లాంటి గీత ఉంటుంది. వాళ్ళ లిపి కూడా దక్షిణ భారతం నుంచి పోయిన పల్లవ లిపి సంతతే. మా మావగారు ఒక బస్సు స్టాండులో బోర్డు ముందు నిలబడి పావుగంట కూడబలుక్కున్నారు. ఒక్క ముక్క చదవలేకపోయారు గానీ, చదవబోయి ఆగినట్టుందని అన్నారు.

ఆ బస్సు కంబోడియా రాజధాని నామ్ పెన్ నుంచి సైగాన్‌కు. మామూలుగా ఆరేడు గంటలు. బావెట్ దగ్గర కంబోడియా ముగిసి, మోక్ బాయ్ దగ్గర వియత్నాం మొదలవుతుంది. సరిహద్దు ఇంకా చాలా దూరం ఉండగానే కండక్టరు కుర్రాడు వచ్చి అందరి పాస్‌పోర్టులూ వసూలు చేసి, రబ్బరు బ్యాండు వేసి చంకలో పెట్టుకుపోయాడు. మావగారు పాస్‌పోర్టు ఇవ్వనన్నారు. లోపలి జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. బస్సంతా మావైపే చూస్తోంది. అలా వసూలు చేయడం అక్కడ మామూలే, మొత్తం బస్సుకు కలిపి ముద్ర వేయిస్తారు. అయినా ఆయన చేసిన పని తప్పని నేననను. బస్సు నంబరు, కుర్రాడి చొక్కా రంగు చీటీ మీద రాసుకుని అప్పుడిచ్చారు. అవతల హాల్లో జనమంతా సామాన్లతో నిలబడితే ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు వెళ్ళి తీసుకోవాలి. పేర్లు పిలుస్తున్నారు, ఒక్కొక్కళ్ళే వెళ్తున్నారు. చివరికి హాల్లో మేమే మిగిలాం. అధికారి ఒక మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు, ఏదో చైనా ఊరి పేరులా ఉంది. అది మా మావగారి ఇంటిపేరు. ఐదక్షరాల ఇంటిపేరును రెండు దగ్గులుగా పలికాడు. ముప్పై ఆరేళ్ళు హాజరు పిలిచిన మనిషి, తన వంతు వచ్చేసరికి "ప్రెజెంట్ సార్" అన్నారు.

సైగాన్‌లో రోడ్డు దాటడం గురించి అందరూ భయపెడతారు. బెంజ్ సర్కిల్‌లో పెరిగినవాళ్ళకు అంత భయం అక్కర్లేదు, కానీ మన పద్ధతి అక్కడ పనిచేయదు. మనం సందు చూసుకుని పరుగెత్తుతాం. అక్కడ పరుగెత్తకూడదు, వెనక్కి తగ్గకూడదు, ఒకే నెమ్మది నడకతో పోతూ ఉంటే స్కూటర్లు మీ అటూ ఇటూ పాయలుగా చీలిపోతాయి. కంబోడియా, వియత్నాంలలో బండ్లు కుడివైపు నడుస్తాయి. అడుగు వేసే ముందు మన అలవాటులో కుడికి చూస్తాం, వచ్చేది ఎడమ నుంచి. అమ్మగారి చెయ్యి మీరు ఎడమ పక్క నిలబడి పట్టుకోండి. స్కూటర్ అద్దెకు తీసుకోవాలని మీకు అనిపిస్తుంది. మన దగ్గర రవాణా శాఖ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ 1949 నాటి ఒప్పందం ప్రకారం ఇచ్చేది, వియత్నాం దాన్ని గుర్తించదు. ఏదైనా తగిలితే బీమా కూడా రాదు. గ్రాబ్ యాప్‌లో కారు పిలుచుకోండి, ధర ముందే కనపడుతుంది, బేరం అక్కర్లేదు.

వియత్నాం డబ్బు దగ్గర మాత్రం కళ్ళు పెద్దవి చేసుకోవాలి. ఇరవై వేల డాంగ్ నోటు నీలం. ఐదు లక్షల డాంగ్ నోటు కూడా నీలమే. రెండింటి మీదా హో చి మిన్ బొమ్మే. మొదటిది మన లెక్కలో డెబ్బై రూపాయలకు అటూ ఇటూ, రెండోది పదహారు వందలకు పైన. వీధి దీపం వెలుగులో, వెనక బండ్లు హారన్ కొడుతుంటే, టాక్సీలోంచి దిగుతూ నేను ఇరవై వేలనుకుని ఐదు లక్షలు ఇచ్చాను. అతను కూడా తొందర్లో ఉన్నట్టు వెళ్ళిపోయాడు. రెండు రోజుల తర్వాత చెరుకురసం బండి దగ్గర మళ్ళీ అదే పని చేశాను. అక్కడ చెరుకుతో పాటు ఉసిరికాయంత పుల్లటి నారింజకాయలు వేసి పిండుతారు, ఎండలో ప్రాణం లేచొస్తుంది. ఆ బండి ఆవిడ నోటు తీసుకోలేదు. నా చేతిలోని పర్సు తీసుకుని, అందులోంచి ఇరవై వేల నోటు తీసి చూపించి, దాన్నీ పెద్ద నోటునూ పక్కపక్కన పెట్టి, సున్నాలు ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టించింది. పక్కన బెంచీ మీద ఇద్దరు పిల్లలు నవ్వుతున్నారు. అప్పటి నుంచి ఐదు లక్షల నోట్లు పర్సులో ఉండవు, పాస్‌పోర్టు కవరులో ఉంటాయి. ఎంతమంది నిలబడినా నోటు విప్పి చూసే ఇస్తాను.

ఫిబ్రవరి అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. వాళ్ళ కొత్త సంవత్సరం టెట్ జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మూడో వారం లోపు ఎప్పుడైనా పడుతుంది. ఆ వారంలో కొట్లు మూసి జనం సొంతూళ్ళకు పోతారు, బస్సులు కిక్కిరిసిపోతాయి. తేదీ చూసుకుని దానికి దూరంగా పెట్టుకోండి.

ఇంకా ఒక పూట మిగిలితే, సైగాన్ చరిత్ర మ్యూజియంలో డాంగ్ దువాంగ్ అనే చోట 1911లో దొరికిన కంచు బుద్ధుడున్నాడు. అది అమరావతి శైలి అని కొందరు, శ్రీలంకదని కొందరు పండితులు అంటారు. ఆ విగ్రహం దొరికిన ప్రాంతాన్ని పాత చంపా రాజ్యంలో అమరావతి అనే పిలిచేవారు. గుంటూరు వాణ్ణి, నాకు ఏ వాదం ఇష్టమో చెప్పక్కర్లేదు.

ప్యాకేజీయా, సొంతంగానా అంటే, మీ ముగ్గురికీ సొంతంగానే మంచిది. ప్యాకేజీలో పెరుగు తోడుకునే టైం ఇవ్వరు, నాన్నగారి మోకాళ్ళకు బస్సు ఆగదు. పన్నెండు రోజులకు మూడు దేశాలు కూడా ఎక్కువే, నేనైతే ఒకటి తీసేస్తాను. ఏది తీసేయాలో అమ్మానాన్నలనే అడగండి. అంగ్‌కోర్‌లో మాత్రం ఒక రోజుకు లైసెన్సు ఉన్న గైడును పెట్టుకోండి, మావగారు ఇప్పటికీ ఆ కుర్రాడి గురించి చెబుతుంటారు.

డబ్బు కొంత డాలర్లలో, చిన్న నోట్లుగా తీసుకెళ్ళండి. ఏటీఎమ్‌లోనో కార్డు మిషన్ మీదో "రూపాయల్లో కట్టాలా, ఇక్కడి డబ్బులో కట్టాలా" అని అడిగితే ఆ దేశం డబ్బులోనే అనండి, రూపాయలంటే వాళ్ళ రేటు పడుతుంది. కంబోడియాలో డాలర్లు కూడా బాగా చెల్లుతాయి, కానీ నోటు పెళ్ళిపత్రికలా ఉండాలి. మడత నలిగినా, పెన్ను గీత ఉన్నా, అంచు చిరిగినా తీసుకోరు. నోట్లు మార్చే చోట మీకిచ్చిన ప్రతి డాలరునూ వెలుతురుకు పెట్టి చూసి, నచ్చనిది అక్కడికక్కడే వెనక్కివ్వండి. నాకు ఇక్కడ మార్చినతను ఇచ్చిన ఇరవై డాలర్ల నోటుకు ఒక మూల గోరంత చిరుగుంది. చూశాను. వెనక్కివ్వలేకపోయాను. సియెమ్ రీప్‌లో నాలుగు చోట్ల ఇచ్చి చూశాను, నలుగురూ రెండు చేతులతో మర్యాదగా తిరిగిచ్చారు. ఆ నోటు ఇప్పటికీ మా కొట్లో గల్లాపెట్టె అడుగున ఉంది.